నల్గొండలో టర్బో కారుకి ప్రీమియం పెట్రోలు కొట్టించాలా? నా అనుభవం

ప్రశ్న ఇది: నల్గొండలో ఉండే ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో స్కోడా వాళ్ల ఆక్టేవియా వీఆర్ఎస్ కారు తీసుకున్నారు. ప్రతిసారీ మామూలు దానికంటే ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయించాలా, లేక అది దండగ ఖర్చా అని అడుగుతున్నారు.

ముందు కారుకి అభినందనలు. 2017లో వచ్చిన మోడలే అయితే రెండు లీటర్ల టర్బో ఇంజను, 230 గుర్రాల బలం. ఆ 230 గుర్రాల్నీ క్లాక్ టవర్ దగ్గర ఆటోల వెనక నిలబెట్టి ఎలా ఓదారుస్తారో మీ ఇష్టం.

ఇక జవాబు. ట్యాంకు మూత తెరిచి లోపలి వైపు స్టిక్కర్ చూడండి. అక్కడ ఏ ఆక్టేన్ నంబరు (ఒత్తిడికి తనంతట తానే అంటుకోకుండా పెట్రోలు ఎంత ఆగగలదో చెప్పే అంకె) ఉంటే అదే మీ పెట్రోలు. షోరూం వాళ్లు, బంకులో కుర్రాడు, వాట్సాప్ గ్రూపులో మీ ఫ్రెండు, ఆఖరికి నేను, ఎవరం చెప్పినా ఆ స్టిక్కర్ తర్వాతే. నాది ఒక లీటరు టర్బో హ్యాచ్‌బ్యాక్, 110 గుర్రాలు. దాని మూత మీద 95 అని పెద్దగా, కనీసం 91 అని చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అక్షరాల సంగతి నాకు శ్రీశైలం ఘాట్‌లో అర్థమైంది.

2022 మే మొదటి వారం. లీటరు పెట్రోలు 120 రూపాయల అంచున ఉన్న రోజులు, గుర్తుండే ఉంటుంది. ఆ రేటు చూసి ప్రీమియం మాటే ఎత్తలేదు, మామూలుదే ట్యాంకు నింపించాను. కార్లో నేను, మా ఆవిడ, అమ్మ, మా బామ్మర్ది, వెనక సీట్లో మా వాడు. డిక్కీలో రెండు రోజులకి సరిపడా పులిహోర. దేవరకొండ, డిండి మీదుగా వెళ్లాం. దారిలో అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కదా, ఆలోగా తిరిగి రావాలని తెల్లారకముందే బయల్దేరాం. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ వైపు చివర్లో కృష్ణ దాకా అంతా దిగుడే, దిగేటప్పుడు స్కూటీ కూడా పర్ఫార్మెన్స్ బండే.

తిరుగు ప్రయాణంలో తెలిసింది. దర్శనం ఆలస్యమై మధ్యాహ్నం రెండింటికి వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాం. ఆ ఎండ గురించి మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఏసీ ఫుల్లు, ఐదుగురు మనుషులు, ముందు ఒక ఆర్టీసీ బస్సు. దాని వెనకాల నత్తనడక నడిచి, కాస్త తిన్నటి రోడ్డు కనబడగానే మూడో గేర్లోనే గట్టిగా తొక్కాను. అప్పుడొచ్చింది చప్పుడు. రేకుడబ్బాలో చింతగింజలు పోసి ఆడించినట్టు, సన్నగా, టకటకటక. ఒక రెండు సెకన్లు, అంతే. తర్వాత చప్పుడు ఆగిపోయింది గానీ బండి లాగడం కూడా ఆగిపోయింది. కాలు కింద పెడల్ ఉంది, బండిలో ఊపిరి లేదు. నేను ముందుకి దూకుతాననుకుని పక్కకి జరిగిన బస్సు డ్రైవరు, అద్దంలో నన్ను చూసి మళ్లీ మధ్యకి వచ్చేశాడు. ఆ అవమానం నేనింకా మర్చిపోలేదు.

"బావా, ఇంజన్ల చింతగింజలు పడ్డయా ఏంది?" అన్నాడు మా బామ్మర్ది. చింతగింజల పోలిక వాడిదే, నేను వాడుకుంటున్నాను. అమ్మ మాత్రం మల్లన్నకి కొబ్బరికాయ కొట్టలేదని గుర్తు చేసింది.

అది నాకింగ్. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండర్లో నొక్కిపెట్టి, సరైన క్షణంలో ప్లగ్గు నిప్పు పెట్టాలి. టర్బో ఉన్న ఇంజన్లో గాలిని ఇంకా కూరి కూరి నింపుతారు కాబట్టి ఒత్తిడి ఎక్కువ, వేడి ఎక్కువ. ఆక్టేన్ తక్కువైతే పెట్రోలు ఆ ఒత్తిడికి ఆగలేక తనంతట తానే అక్కడక్కడ అంటుకుంటుంది. ముహూర్తం రాకముందే పందిట్లో అక్షింతలు వేసేసినట్టన్నమాట. ఇంజను మీద ఉండే నాక్ సెన్సర్ ఆ చప్పుడు పట్టేసి కంప్యూటర్‌కి చెబుతుంది, అది నిప్పు పెట్టే టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది. ఇంజను బతుకుతుంది, పికప్ పోతుంది. బస్సు వెనక నాకు జరిగింది ఇదే.

కాబట్టి ఆక్టేన్ అంటే బలం కాదు, ఓపిక. 95లో 91 కంటే ఎక్కువ శక్తేమీ ఉండదు. దీనికి సాక్ష్యం పెట్రోల్లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాలే. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది, కానీ లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. ఓపిక ఎక్కువ, బలం తక్కువ. ఈ సంగతి తెలియక మా కాలనీలో ఒకతను వంద సీసీ బైకుకి నెలనెలా ప్రీమియం పోయించి "స్మూత్‌గా పోతుందన్నా" అంటాడు. స్మూత్‌గా పోయేది అతని పర్సు.

తర్వాత అదే ఏడాది కార్తీక మాసంలో మళ్లీ శ్రీశైలం వెళ్లాను. ఈసారి హైదరాబాద్‌లో పనుండి, అక్కడే 95 ఆక్టేన్ ప్రీమియం ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని, కల్వకుర్తి మీదుగా వెళ్లాను. లీటరుకి ఆరేడు రూపాయలు ఎక్కువ పడింది. వచ్చేటప్పుడు అదే వంతెన, అదే ఎక్కుడు. ఈసారి బండి పాదరసం. చింతగింజల్లేవు, బస్సుల్ని ఒకదాని తర్వాత ఒకటి దాటేశాను. ప్రీమియం పనిచేస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

దీనికి మా బామ్మర్ది వాదన ఏంటంటే, ఈసారి అమ్మ రాలేదు, మా వాడు రాలేదు, నవంబరు చలికి ఏసీ వేయలేదు, పులిహోర కూడా లేదు, అలాంటప్పుడు కిరోసిన్ పోసినా ఎక్కేది అని. వాడు డిగ్రీలో ఫిజిక్స్ చదివాడు, అందుకే ఇలా మాట్లాడతాడు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి తెలిసేది పక్క సీట్లో కూర్చున్నవాడికి తెలియదు.

అయితే ఇదంతా 2022 నాటి లెక్క. ఇప్పుడు కథ మారింది. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 అనే కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. దాంతో మామూలు పెట్రోలే 95 ఆక్టేన్‌కి చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అంటే నేను 2022లో ఆరేడు రూపాయలు ఎక్కువిచ్చి కొన్న ఓపిక ఇప్పుడు మామూలు నాజిల్‌లోనే వస్తోంది. మరి 95 ప్రీమియానికి ఎక్కువిచ్చే డబ్బు దేనికి? అందులో కలిపే క్లీనింగ్ మందులకి. అవి మంచివే, కాదనను, కానీ ప్రతి ట్యాంకుకీ అక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి చాలు. ఇది నా లెక్క, ఏ ల్యాబూ చెప్పలేదు.

ఇ20 వల్ల మైలేజీ కాస్త తగ్గుతుందన్న మాట కూడా నిజమే. ఇ20కి తయారుకాని పాత బండ్లలో మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. మీ మూత మీద ఇ10 అని ఉందో, ఇ20 అని ఉందో కూడా ఓసారి చూసుకోండి. నా దృష్టిలో మీకు అసలు ప్రశ్న అదీ.

100 ఆక్టేన్ సంగతి కూడా అడుగుతారు, తెలుసు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ 100 తెచ్చినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. వీఆర్ఎస్‌కి ట్యాంకు నిండా అది పోయిస్తే వచ్చే బిల్లుకి మా ఇంట్లో నెల సరుకులు వస్తాయి. ఇంజన్ని రీమ్యాప్ చేయించుకుని (అంటే బలం పెరిగేలా దాని కంప్యూటర్ సెట్టింగులు మార్పించుకుని), వారం వారం రేసు ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి తప్ప అది పాలల్లో తేనె కలుపుకుని కాళ్లు కడుక్కోవడమే. పైగా తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. పెట్రోలు ధర పెరిగేకొద్దీ పన్నూ పెరుగుతుంది. మీ కారు స్పీడు పెరుగుతుందో లేదో గానీ ఖజానాకి మాత్రం పికప్ గ్యారంటీ.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది చెబుతా. ఏ నాజిల్ అన్నది రెండో సంగతి, ఏ బంకు అన్నది మొదటిది.

నిరుడు జులైలో, వారం రోజులు ముసురు పట్టిన తర్వాత, మన హైవే మీదే ఒక బంకులో ప్రీమియం పోయించాను. పేరు చెప్పను. రెండు కిలోమీటర్లు పోయానో లేదో బండి ఎక్కిళ్లు పెట్టింది. మూడో కిలోమీటర్‌కి ఆగిపోయింది. ట్రాలీ ఆటోకి కట్టి మెకానిక్ దగ్గరికి లాక్కొచ్చాం. ఆయన ట్యాంకులోది కొంచెం తీసి ఖాళీ వాటర్ బాటిల్లో పోసి గోడ మీద పెట్టాడు. "ఐదు నిమిషాలు చూడు సార్" అని టీకి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడి చూశాను. మొదట అంతా మసకగా ఉంది. తర్వాత మెల్లగా కింద నాలుగు వేళ్ల మందాన ఇంకో పొర పేరుకుంది, మధ్యలో గీత గీసినట్టు. నీళ్లు తగిలితే ఇథనాల్ పెట్రోల్ని వదిలేసి నీళ్లతో చేరుతుంది, రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. పైన పెట్రోలు, కింద నీళ్లు, ఇథనాలు. నేను డబ్బులిచ్చింది ఆ పై పొరకి.

ట్యాంకు కడగడం, ఫిల్టరు మార్చడం, ఒక రోజు కూలీ. బంకుకి వెళ్లి అడిగితే మేనేజర్ లేడు. మర్నాడూ లేడు. ప్రీమియం పోయించేది పదిమందిలో ఒకడు, అందుకే అది ట్యాంకులో రోజుల తరబడి పడి ఉంటుంది, ఆలోగా ఎక్కడో సందు దొరికి వాన నీళ్లు దిగుతాయి అన్నది నా అనుమానం. అందుకే చెబుతున్నా, మీరు ఏది పోయించినా బండ్లు ఎక్కువ వచ్చే బంకులో పోయించండి. లారీల వాళ్లు, స్కూలు బస్సుల వాళ్లు ఎక్కడ క్యూ కడతారో చూడండి. వాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు.

అనుమానం వస్తే అడగండి. ఐదు లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. ఫిల్టర్ పేపర్ ఇవ్వాలి. దాని మీద ఒక చుక్క వేస్తే మరక మిగలకుండా ఆరిపోవాలి. సాంద్రత కూడా చూపించాలి. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి 720 కిలోలకీ 775 కిలోలకీ మధ్య ఉండాలి. నేను ఒకసారి ఐదు లీటర్ల పాత్ర అడిగాను. కుర్రాడు నా వంక ఎలా చూశాడంటే, పెళ్లి భోజనంలో తూకం రాళ్లు అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఇచ్చాడు గానీ దాని లోపల సాలెగూడు ఉంది. ఇక గాలి మిషన్ సంగతి ఎత్తకండి. ఉచితంగా గాలి కొట్టాలని రూల్ ఉంది, మిషన్ మీద "రిపేరు" అన్న అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. ఆ అట్టముక్క వయసు నా కారు కంటే ఎక్కువ.

గాలి అన్నాను కాబట్టి చెబుతున్నా, మీ వీఆర్ఎస్‌కి పెట్టే ఎక్కువ డబ్బు టైర్లకి పెట్టండి. కోతలప్పుడు మన ఊళ్లల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రిపూట వాటికి దీపం కూడా ఉండదు. మిర్యాలగూడ వైపు వెళ్తూ అలాంటి రాయి మీదకి ఎక్కించి నేను ఒక అల్లాయ్ చక్రం పోగొట్టుకున్నాను. ఏ ఆక్టేనూ కాపాడలేదు. వాళ్ల తప్పు కూడా పూర్తిగా కాదు, కల్లాలు లేకపోతే వడ్లు ఎక్కడ ఆరబెట్టుకుంటారు? ఇది వేరే పెద్ద కథ, ఇంకెవరైనా అడిగినప్పుడు రాస్తా.

నేను ఇప్పుడు చేసేది ఇదీ. ఊళ్లో తిరగడానికి మామూలు ఇ20, రద్దీ ఉన్న ఒకే బంకులో. ఎండాకాలంలో ఘాట్‌కి వెళ్తుంటే మాత్రం హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు 95 కొట్టించుకుంటా. ఆక్టేన్ రెండూ ఒకటేనని ఇప్పుడే రాశాను, తెలుసు. అయినా కొట్టించుకుంటా. ఆ బస్సు డ్రైవరు మళ్లీ ఎదురైతే?

మా బామ్మర్ది ఈ మధ్య కొత్త ప్రతిపాదన పెట్టాడు. వచ్చే మే నెలలో అందరం ఎక్కి, అమ్మతో సహా, ఏసీ ఫుల్లు పెట్టి, పులిహోరతో సహా, ఒకసారి మామూలు పెట్రోలుతో, ఒకసారి ప్రీమియంతో అదే ఘాట్ ఎక్కి చూద్దామని. సరే, రెండు ట్యాంకులకీ డబ్బులు నువ్వే పెట్టుకో అన్నాను. అప్పట్నుంచి ఆ మాట ఎత్తడం లేదు.