కిరణ్‌కి పెద్దమ్మ: పిల్లల కోడ్ నడిపే ముందు

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. విద్యార్థులు అప్‌లోడ్ చేసే ప్రోగ్రాముల్ని కాలేజీ సర్వర్ మీద నడిపి మార్కులు వేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా అనిపించిందిరా. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. ఎవరు ఏం రాస్తారో తెలియని కోడ్‌ని నీ సర్వర్ మీద నువ్వే నడపబోతున్నావు. పిల్లలు కదా, సరదాకైనా పక్కవాడి ఫైళ్లు తెరిచి చూడాలనుకుంటారు.

రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో, ఏదీ నడపకు. అప్‌డేట్లు వాయిదా వేయకు. బ్యాకప్ తీసి ఊరుకోకుండా ఒకసారి రిస్టోర్ చేసి చూడు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఎస్ఈలైనక్స్ దగ్గర. ప్రతి ప్రోగ్రామ్‌కీ, ఫైలుకీ ఒక లేబుల్ అంటించి, ఏది దేన్ని తాకొచ్చో నిర్ణయించే లైనక్స్ కాపలాదారు అది. సర్వర్‌లో ఆల్మాలైనక్స్ వేశావట, అందులో అది మొదటి నుంచే ఎన్‌ఫోర్సింగ్‌లో, అంటే నిబంధన దాటినదాన్ని అడ్డుకునే స్థితిలో, ఉంటుంది. ఏదో ఒక రోజు నీ పనికి అడ్డుపడుతుంది. 2003లో లైనక్స్ 2.6 కెర్నల్‌లోకి ఇది వచ్చిన కొత్తలో మాకు నేర్పేవాళ్లు లేరు. ఎవరిని అడిగినా "ముందు దాన్ని ఆపెయ్" అనేవాళ్లు.

మా పాత ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి మంచి పనిమంతుడు. ఒక సాయంత్రం క్లయింటు వెబ్‌సైటు ఫైళ్లని తన హోమ్ డైరెక్టరీలో విప్పి, అక్కణ్నుంచి ఎంవీ కమాండ్‌తో వెబ్ డైరెక్టరీలోకి జరిపాడు. బ్రౌజర్‌లో ఫర్బిడెన్ అని వచ్చింది. పర్మిషన్లు బాగానే ఉన్నాయి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే సీహెచ్‌మాడ్ 777 కొట్టినా అదే మాట. చివరికి ఎస్ఈలైనక్స్ అడ్డుకోవడం ఆపే సెట్ఎన్‌ఫోర్స్ 0 కొడితే సైటు వచ్చేసింది. ఇక కాన్ఫిగ్ ఫైల్లో డిజేబుల్డ్ అని రాసి, రీబూట్ చేసి ఇంటికెళ్లిపోయాడు.

అసలు సంగతి చాలా చిన్నది. ఎంవీ చేస్తే ఫైలు తన పాత లేబుల్‌తోనే వస్తుంది. జరపకుండా సీపీతో కాపీ చేసి ఉంటే కొత్త చోటి లేబుల్ పడేది. అడ్డుకున్నవి నమోదయ్యే ఆడిట్ లాగ్‌లో స్పష్టంగా ఉంది: అడిగింది హెచ్‌టీటీపీడీ_టీ (వెబ్ సర్వర్ లేబుల్), ఫైలు మీదున్నది యూజర్_హోమ్_టీ (హోమ్ డైరెక్టరీ లేబుల్). సరైన లేబుల్ తిరిగి వేసే రిస్టోర్‌కాన్ ఒక్కసారి కొడితే సరిపోయేది. ఆ లైను ఎవరూ చదవలేదు.

కొన్ని నెలలకి సెక్యూరిటీ ఆడిట్ వచ్చింది. ఎన్‌ఫోర్సింగ్ అని మార్చి రాత్రిపూట రీబూట్ చేశారు. ఆపేసి ఉంచిన కాలంలో పుట్టిన ఫైళ్లకి అసలు లేబుళ్లే ఉండవు నాన్నా. లాగిన్ రాలేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ రాలేదు. అర్ధరాత్రి డేటాసెంటర్‌కి పరుగెత్తి, బూట్ మెనూ అయిన గ్రబ్‌లో ఎన్‌ఫోర్సింగ్=0 చేర్చి, అన్ని ఫైళ్లకీ లేబుళ్లు మళ్లీ వేయించే ఆటోరీలేబుల్ ఫైలు పెట్టి మళ్లీ లేపాం. లేబుల్ వేయాల్సినవన్నీ చిన్న చిన్న ఫైళ్లు. కన్సోల్ మీద నక్షత్రం గుర్తులు ఒక్కొక్కటే పడుతుంటే తెల్లారేదాకా చూస్తూ కూర్చున్నాం. ఆ అబ్బాయి నోట మాట లేదు. పొద్దున్నే ఇడ్లీ తెప్పించి బలవంతంగా తినిపించాను. ఆ 777 పర్మిషన్లు అప్పటికీ అలాగే ఉంటే, వాటినీ ఆ రోజే సరిచేశాం.

అందుకే చెబుతున్నా, నీకు అడ్డు తగిలిన రోజు ముందు ఆడిట్ లాగ్‌ని వెతికే ఏయూసెర్చ్‌తో తాజా ఏవీసీ లైన్లు, అంటే ఎస్ఈలైనక్స్ అడ్డుకున్న నమోదులు, చదువు. అర్థం కాకపోతే నాకు పంపు, ఎంత రాత్రయినా సరే. తప్పదనుకుంటే పాలసీ సెట్టింగులు మార్చే సెమేనేజ్‌తో ఆ ఒక్క డొమైన్‌నే (నడిచే ప్రోగ్రామ్ లేబుల్‌ని) పర్మిసివ్, అంటే అడ్డుకోకుండా నమోదు మాత్రమే చేసేలా, చెయ్యి, మొత్తం సర్వర్‌ని కాదు. లాగ్‌లో అడ్డుకున్నవాటిని అనుమతించే నిబంధనలు రాసిచ్చే ఆడిట్2అలౌ ఇచ్చిన మాడ్యూల్‌ని చదవకుండా ఎక్కించావంటే నాతో చివాట్లు తింటావు.

ఇంకో మాట, ఇది చాలామంది గమనించరు. ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్నంత మాత్రాన పిల్లల ప్రోగ్రామ్ బందీ అయిపోయినట్టు కాదు. నీ షెల్‌లోంచి నడిపేది మామూలుగా అన్‌కన్‌ఫైన్డ్_టీలోనే, అంటే దాదాపు ఏ కట్టడీ లేని డొమైన్‌లోనే, నడుస్తుంది. ప్రాసెస్‌లని చూపే పీఎస్‌కి పెద్ద జెడ్ కలిపి కొట్టి చూడు, నీకే తెలుస్తుంది.

నీ అవసరానికి శాండ్‌బాక్స్ కమాండ్ సరిగ్గా సరిపోతుంది, పాలసీకోర్‌యుటిల్స్-శాండ్‌బాక్స్ ప్యాకేజీలో ఉంటుంది. లోపల నడిచేదానికి నువ్వు చేతికిచ్చిన ఇన్‌పుట్, అవుట్‌పుట్ తప్ప వేరే ఫైలు తెరిచే వీలుండదు, నెట్‌వర్క్ ఉండదు. మార్కులు వేయడానికి నీకు కావలసింది కూడా అంతే కదా. నడిపినప్పుడల్లా లేబుల్‌లో వేరే క్యాటగిరీల జంట ఇస్తుంది కాబట్టి, ఒకే సమయంలో నడిచే ఇద్దరు పిల్లల ప్రోగ్రాములు ఒకదాన్నొకటి తాకలేవు. అయితే మెమొరీనీ ప్రాసెస్‌ల సంఖ్యనీ అది ఆపదు. ఆ పని సిస్టమ్‌డీ-రన్‌ది. స్కోప్ (హద్దులు పెట్టగల ప్రాసెస్‌ల గుంపు) పెట్టి, మెమొరీమ్యాక్స్ 256 ఎంబీ, టాస్క్స్‌మ్యాక్స్ 32 ఇచ్చి, ఆ లోపల శాండ్‌బాక్స్‌ని నడుపు. అనంతంగా తిరిగే లూపులకి టైమవుట్ కమాండ్ ఉంది.

పిల్లలకి తెరిచే ముందు నువ్వే దుర్మార్గుడివై నాలుగు ప్రోగ్రాములు రాయి. ఆగకుండా ఫోర్క్ చేసేది, అంటే కొత్త ప్రాసెస్‌లు పుట్టించేది ఒకటి, పక్కవాడి ఫైలు చదివేది ఒకటి, బయటికి సాకెట్ తెరిచేది ఒకటి, మెమొరీ మింగేది ఒకటి. నాలుగూ ఓడిపోయి, వాటి ఆనవాళ్లు లాగ్‌లో కనబడేదాకా లింకు ఎవరికీ ఇవ్వకు. మీ హెచ్‌ఓడీ తొందరపెడితే నా పేరు చెప్పు. ఆ టెస్టులు పగటిపూట, కన్సోల్ చేతికందే చోట కూర్చుని చెయ్యి. అన్నం తిని మొదలుపెట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ