నల్ల కోటు ఊదాగా వస్తోంది, డబ్బు వాపసు వస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. పెళ్లి ఫొటోలు తీస్తూ బతుకుతున్నాను. మూడు నెలల క్రితం హైదరాబాద్‌లోని ఒక షాపులో 62 వేలకు సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. దాంతో తీస్తే పెళ్లికొడుకు నల్ల కోటు ఊదాగా వస్తోంది. లోపలి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేశారని మెకానిక్ చెప్పాడు. షాపువాళ్లేమో ‘బ్లాక్ అండ్ వైట్‌లో తీసుకో, అదిరిపోతుంది’ అంటున్నారు. బిల్లు మీద ‘వాపసు లేదు’ అని ఉంది. ఏం చేయాలి?

జవాబు: షాపువాళ్ల మాటలో సగం నిజముంది. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్‌లోని సిలికాన్ మన కంటికి కనపడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని కూడా పట్టుకుంటుంది. అందుకే కంపెనీలు దాని ముందు ఫిల్టర్ అడ్డుపెడతాయి. ఆకులు వెన్నెల్లా, ఆకాశం నల్లగా రావాలని కోరి ఆ ఫిల్టర్ తీయించుకునేవాళ్లున్నారు. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో ఈ అడ్డు సరిపోక నల్లటి సింథటిక్ బట్టలు ఊదాగా వచ్చాయి. కొన్నవాళ్లకు ఆ కంపెనీ రెండేసి లెన్స్ ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది.

మీకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే మీ కేసు. ‘కెమెరా పాడైంది’ అనకండి, ‘మార్చిన సంగతి దాచి అమ్మారు’ అనండి. తెలిసి దాస్తే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. తమకూ తెలియదంటే, లోపమున్న సరుకు అమ్మినట్టే. ‘వాపసు లేదు’ ముద్రకు భయపడొద్దు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి.

నాకు టెన్షన్ వేరే చోట ఉంది. ‘వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడే కాడు’ అని అవతలి లాయరు తప్పక అంటారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొంటే చట్టం మినహాయింపు ఇచ్చింది. స్టూడియో పెట్టి నలుగురిని జీతాలకు పెట్టుకుని ఉంటే మాత్రం చిక్కే.

ఇకపై కెమెరాను ఎవరితోనూ విప్పించకండి, షాపువాళ్లతో అసలే వద్దు. మెకానిక్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. టీవీ రిమోట్ నొక్కుతూ మీ కెమెరాతో, పక్కనే మామూలు కెమెరాతో ఒకే సెట్టింగులతో తీయండి. మీదాంట్లో రిమోట్ బల్బు భగ్గున వెలుగుతుంది. అవసరమైతే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషనే కెమెరాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది.

ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వండి. కదలకపోతే కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఈలోగా పెళ్లి ఆర్డర్లుంటే లెన్స్‌కు పరారుణ కాంతిని ఆపే ఐఆర్ కట్ ఫిల్టర్ తగిలించి నెట్టుకురండి. దాని బిల్లు దాచండి, అదీ పరిహారంలో అడుగుదాం.