చివరి దశలో ఉన్న మనిషి చెప్పలేకపోతే, బాధ ఉందని ఎలా తెలుస్తుంది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంట్లోనే ఉంచుకున్న మీ నాన్నగారు క్యాన్సర్ వల్ల మాట బాగా తగ్గించేశారు, నొప్పి ఉందో లేదో తెలియడం లేదన్నారు కదా.

కాస్త మాట్లాడగలిగితే ముందు ఆయన్నే అడగండి, 0 నుంచి 10లో ఎంత ఉందని. మీరే తెలుగులో అడగండి, నర్సు ఒడియాలో అడిగితే మన పెద్దవాళ్లు మొహమాటానికి బాగానే ఉందని తలూపేస్తారు.

మాట లేకపోతే ఊపిరి, మూలుగు, మొహం, ఒళ్లు బిగపట్టడం, ఓదారిస్తే నెమ్మదిస్తున్నారా అన్నవి చూడాలి. పెయినాడ్ అనే కొలతలో ఈ ఐదింటికీ తలా 0 నుంచి 2 వేస్తారు, మొత్తం ఎక్కువైతే నొప్పి ఎక్కువన్నమాట. కదలకుండా పడుకున్నప్పుడే కాదు, పక్క మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు నుదురు ముడిపడుతుందేమో చూడండి, చాలాసార్లు నొప్పి అక్కడే బయటపడుతుంది. మందు వేశాక గంటకి మళ్లీ చూసి రాసిపెట్టండి, డాక్టరుకి ఆ కాగితం చాలా ముఖ్యం.

అటూ ఇటూ కొట్టుకుంటుంటే అంతా నొప్పే అనుకోవద్దు, మూత్రం ఆగిపోయినా, మలబద్ధకమైనా అలాగే ఉంటుంది. చివరి రోజుల్లో గొంతులో గురగుర వింటే మనకే ఎక్కువ టెన్షన్, ఆయనకి అంత తెలియకపోవచ్చు.

దిగులు, భయం, అప్పుల బెంగ కూడా బాధే, చివరి దశ రోగుల సేవకి బాట వేసిన డాక్టరు సిసిలీ సాండర్స్ 1960ల్లోనే అన్నీ కలిపి చూడాలన్నారు. ఎవరిని చూడాలని ఉందో అడగండి. డాక్టరు మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) రాస్తే మాత్రం, అలవాటైపోతుందని భయపడి ఆపకండి.