ఆటల సందేహాలు: అరచేతిలో ఫైటింగ్ గేమ్స్

ప్రశ్న: పాత పీఎస్‌పీ (సోనీ వారి చేతి గేమ్ యంత్రం) ఒకటి కొందామనుకుంటున్నాను. దాని మీద టెక్కెన్ బాగుంటుందా, స్ట్రీట్ ఫైటర్ బాగుంటుందా? కొనేముందు ఏం చూసుకోవాలి?
(ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు బటన్లు లెక్కపెట్టండి. టెక్కెన్‌కి కావలసినవి నాలుగే: ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. పీఎస్‌పీ మీద స్క్వేర్, ట్రయాంగిల్, ఎక్స్, సర్కిల్ అదే వరుసలో వాటికి సరిపోతాయి. అందుకే 2006లో వచ్చిన ‘టెక్కెన్: డార్క్ రెసరెక్షన్’ ఆ యంత్రానికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారు కళ్లు మూసుకుని దాన్నే తీసుకోవచ్చు.

రెండు బటన్లు కలిపి నొక్కాల్సిన దెబ్బల దగ్గర మాత్రం కాస్త చిక్కుంది. స్క్వేర్, ఎక్స్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బొటనవేలు అడ్డంగా వేస్తే రెండూ పడతాయి. స్క్వేర్, సర్కిల్ ఎదురెదురుగా ఉంటాయి. ట్రయాంగిల్, ఎక్స్ కూడా అంతే. ఆ జతలు ఒకే వేలికి అందవు. బటన్ సెట్టింగుల్లోకి వెళ్లి, అవకాశం ఉన్నంతవరకూ ఈ ఎదురు జతలను యంత్రం భుజాల మీదుండే ఎల్, ఆర్ బటన్లకు పెట్టుకోండి. పక్కపక్క జతలకు ఎల్, ఆర్ ఖర్చు చేయడం దండగ.

స్ట్రీట్ ఫైటర్‌కి ఆరు దెబ్బలు: మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు. పీఎస్‌పీలో ముందు నాలుగు, భుజాల మీద రెండు, మొత్తం ఆరు బటన్లు ఉన్నాయి గనుక లెక్కకు సరిపోతుంది. కానీ బలమైన దెబ్బల్లో ఒకటి ఎల్‌కి పోతుంది. దిక్కులు తిప్పే చేతితోనే దాన్నీ నొక్కాలి. ‘స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3 మ్యాక్స్’ చాలా మంచి ఆట, అందులో సందేహం లేదు. అయితే ఎడమ చూపుడువేలికి ఈ రెండో పని అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలి. ఎల్‌కి మీరు తక్కువగా వాడే బలమైన దెబ్బను పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది.

కొనేటప్పుడు బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టి తిప్పి చూడండి. చదునుగా కూర్చోకుండా బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. దాన్ని మళ్లీ లోపల పెట్టకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. 1000 మోడల్ బ్యాటరీ 1800 ఎంఏహెచ్, లావుగా ఉంటుంది. 2000, 3000 మోడళ్లది 1200 ఎంఏహెచ్, పలచన. లావుది పెడితే పలచని మోడల్ మూత పట్టదు. ఇంకో మాట: ‘ఈ-1000’ (E1000) అని వేరే మోడల్ ఒకటుంది, దానికి వైఫై లేదు. స్నేహితులతో ఆడాలనుకుంటే అది చవగ్గా వచ్చినా వద్దు.

ప్రశ్న: నింటెండో స్విచ్ మీద స్ట్రీట్ ఫైటర్‌లోని హడోకెన్ (శక్తి బంతి విసిరే దెబ్బ) పదిసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లే వస్తోంది. ఒక్కోసారి దాని బదులు పైకెగిరే షోర్యుకెన్ వస్తోంది. తప్పు నాదా, బటన్లదా?
(కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండింటిదీ కొంత ఉండవచ్చు. ఏది ఎంతో తేల్చుకోవడానికి ట్రైనింగ్ మోడ్‌లో మీరు నొక్కినవి తెర మీద కనిపించేలా పెట్టుకోండి. హడోకెన్‌కి కింద, ఐమూల, ముందు అని మూడు బాణాలు వరుసగా రావాలి. పంచ్ మూడో బాణంతో కలిసిగానీ, ఆ వెంటనేగానీ పడాలి. ఇరవైసార్లు వేసి, రానివాటి బాణాలు మాత్రం చూడండి.

ఐమూల బాణం లేకపోతే మీరు కింది బటన్ వదిలేసి ముందు బటన్ నొక్కుతున్నారు. వేలు ఎత్తకూడదు, పూరీ కర్ర దొర్లినట్టు దొర్లాలి. పంచ్ రెండో బాణం దగ్గరే పడుతుంటే తొందర ఎక్కువైంది. పై బాణం కనిపిస్తే వేలు మరీ పైకి జారింది, మనిషి గెంతుతాడు.

షోర్యుకెన్ రావడానికి కారణం వేరే. దాని వరుస ముందు, కింద, ఐమూల. మీరు ముందుకు నడుస్తూ నడుస్తూ అలాగే హడోకెన్ తిప్పితే ఆ నడకలోని ‘ముందు’ కూడా లెక్కలో పడుతుంది. ఆట దాన్ని షోర్యుకెన్‌గా చదువుతుంది. నడక ఆపి, వేలిని ఒక్క క్షణం మధ్యకు తెచ్చి, అప్పుడు కింద నుంచి మొదలుపెట్టండి. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది, ఒక ఫ్రేము అంటే 16.7 మిల్లీసెకన్లు. మీరు ఆగే ఆ క్షణం ఎదుటివాడికి కనిపించదు.

ఇక బటన్ల సంగతి. స్విచ్ ఎడమ జాయ్‌కాన్‌కి (పక్కన తగిలించే కంట్రోలర్‌కి) ఒకే ముక్కగా ఉండే డీ-ప్యాడ్ (దిక్కుల బటన్) లేదు, విడివిడిగా నాలుగు గుండ్రటి బటన్లున్నాయి. ఐమూల రావాలంటే రెండింటి మధ్య సందు మీద వేలి కండ ఆనించి రెండూ ఒకేసారి నొక్కాలి. అందుకే చాలామందికి అక్కడే తప్పుతుంది. స్విచ్ లైట్‌కి మామూలు డీ-ప్యాడ్ ఉంది. చేతిలో పట్టుకుని ఫైటింగ్ గేమ్స్ ఆడటమే ముఖ్యమైతే, పెద్ద తెర ఉన్న మోడల్ కన్నా లైటే మేలని మా అభిప్రాయం. అయితే లైట్‌ని టీవీకి కలపలేరు, కంట్రోలర్లు ఊడిరావు, వెనక స్టాండ్ లేదు. ఇద్దరు ఆడాలంటే వేరే కంట్రోలర్లు కొనాల్సిందే.

పాత యంత్రాల్లో ఇదే ఇబ్బంది వస్తే లోపలి రబ్బరు పొర చూడాలి. ప్రతి దిక్కు కింద ఒక నల్లటి కార్బన్ చుక్క ఉంటుంది. ఐమూలకు రెండు చుక్కలు ఒకేసారి తగలాలి గనుక, ఒకదానికి మురికి పట్టినా ముందుగా పోయేది ఐమూలే. బ్యాటరీ తీసేసి, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గీసుకుని, పై తొడుగు తీయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, బోర్డు మీద బటన్ తగిలే చోటును తుడవండి. రబ్బరు వైపు నల్ల చుక్కలను పొడి గుడ్డతో మెల్లగా అద్దితే చాలు. గోటితోనో గరుకు కాగితంతోనో గీకితే కార్బన్ ఊడిపోతుంది, ఆ బటన్ ఇక పనిచేయదు. పూర్తిగా ఆరాకే మూయండి.

ప్రశ్న: మా ఇద్దరికీ పీఎస్‌పీలున్నాయి. పక్కనే కూర్చున్నా ఒకదానికొకటి కనిపించడం లేదు.
(నిజామాబాద్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు)

జవాబు: రెండింటి మీదా డబ్ల్యూలాన్ (వైఫై) స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగుల్లో యాడ్‌హాక్ మోడ్ (రెండు యంత్రాలు నేరుగా కలిసే పద్ధతి) తెరవండి. ఆటోమేటిక్, 1, 6, 11 అని నాలుగు ఛానల్ ఎంపికలుంటాయి. ఒకరిది 1, ఒకరిది 11 అయితే ఎంత పక్కన కూర్చున్నా కలవవు. ఇద్దరూ 1 పెట్టుకోండి, కుదరకపోతే ఇద్దరూ 11. పవర్ సేవ్‌లో డబ్ల్యూలాన్ పవర్ సేవ్ ఆఫ్‌లో ఉంచండి. మామూలుగా ఇద్దరి దగ్గరా ఆట డిస్క్ ఉండాలి. ఒకే డిస్క్‌తో ఇద్దరూ ఆడగలిగే ఆటల పెట్టె వెనక ‘గేమ్ షేరింగ్’ అని రాసి ఉంటుంది.

ప్రశ్న: నింటెండో 3డీఎస్ స్ట్రీట్ ఫైటర్‌లో తెర తాకితే చాలు స్పెషల్ దెబ్బలు వస్తున్నాయి. అలా నేర్చుకోవచ్చా?
(గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2011 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 4: 3డీ ఎడిషన్’లో కింది తెర మీద నాలుగు గడులుంటాయి. లైట్ పద్ధతిలో వాటికి స్పెషల్ దెబ్బలు పెట్టుకోవచ్చు. గైల్ అనే పాత్రతో సోనిక్ బూమ్ దెబ్బ వేయాలంటే దాదాపు ఒక సెకను వెనక్కి పట్టి ఉంచాలి. ఇక్కడ ముందుకు నడుస్తూనే గడి తాకితే వచ్చేస్తుంది. ఆ పట్టి ఉంచడమే గైల్ ఆటకు ప్రాణం. అది నేర్చుకోకపోతే ఇంకే యంత్రం మీదా ఆయనతో ఆడలేరు. మొదటి వారం సరదాకి లైట్ ఆడి, తర్వాత స్పెషల్ దెబ్బలు బటన్లతోనే వేయాల్సిన ప్రో పద్ధతికి మారండి. ఆన్‌లైన్ సేవలు 2024 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. పక్కపక్కన కూర్చుని ఆడుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ప్రశ్న: నియో జియో పాకెట్ కలర్ దొరికింది. రెండే బటన్లు! ఫైటింగ్ గేమ్ ఎలా ఆడతారు? ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోంది.
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అదృష్టవంతులు. 1999లో ఎస్ఎన్‌కే తెచ్చిన ఆ యంత్రానికి ఉన్న పుల్ల (దిక్కులు తిప్పే స్టిక్) అన్నిట్లోకీ గొప్పది. లోపల మైక్రోస్విచ్‌లుంటాయి, ఐమూలకు కూడా టిక్ మని చప్పుడొస్తుంది. ఒక బటన్ పంచ్, ఒకటి కిక్. చటుక్కున నొక్కి వదిలితే చిన్న దెబ్బ, కాస్త పట్టి ఉంచితే పెద్ద దెబ్బ. ‘ఎస్ఎన్‌కే వర్సెస్ క్యాప్‌కామ్: మ్యాచ్ ఆఫ్ ది మిలీనియం’తో మొదలుపెట్టండి. తెరకు సొంత వెలుగు లేదు, కిటికీ పక్కన కూర్చోవాలి. ఆటకు రెండు ఏఏ సెల్స్, గడియారానికి విడిగా ఒక సీఆర్2032 బిళ్ల కావాలి. తేదీ అడుగుతోందంటే ఆ బిళ్ల అయిపోయింది. దాన్ని మారిస్తే సరి. మీరు సేవ్ చేసుకున్నవి కార్ట్రిడ్జ్‌లోని ఫ్లాష్ మెమరీలో ఉంటాయి, బిళ్ల తీసినా పోవు.