3బీబీ అంటే తక్కువ రకమా?

ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా అంచు నుంచే వచ్చాయి, అన్నీ ఐవీఎఫ్ (అండాన్ని బయటికి తీసి ల్యాబ్‌లో వీర్యంతో కలిపే పద్ధతి) రిపోర్టుల గురించే. నేను ల్యాబ్‌లో ఎంబ్రియోలు, అంటే అలా తయారైన పిండాలు చూసే మనిషిని, మందులు రాసే డాక్టర్ని కాను, కాబట్టి ఇంజెక్షన్ల సంగతి నన్ను అడగకండి. కాగితం మీద రాసిన అంకెలకు అర్థమేమిటో మాత్రం చెప్పగలను.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 31 ఏళ్లు. వైజాగ్‌లో చేయించుకుంటున్నాం. 12 ఎగ్స్ తీశారు, 8 ఫెర్టిలైజ్ అయ్యాయన్నారు, చివరికి మూడే మిగిలాయన్నారు. మిగతా ఐదూ ల్యాబ్‌లోనే పాడు చేశారని మా ఆయన గొడవ. వాట్సాప్‌లో పంపిన కాగితంలో 4ఏబీ, 3బీబీ, ఆరో రోజుది 4బీసీ అని ఉంది. మొదటిది పెట్టారు, నిలవలేదు. ఇప్పుడు 3బీబీ పెడతారట. బీ అంటే తక్కువ రకం కదా, బిడ్డకి లోపం వస్తుందేమోనని మా అత్తగారి భయం. మజ్జిగౌరి అమ్మవారికి మొక్కు కూడా మొక్కారు. (ఒక సోదరి, రాయగడ)

జవాబు: మీ అత్తగారికి ముందు ఈ మాట చెప్పండమ్మా: ఆ అక్షరాలు బిడ్డ ఎలా పుడతాడో చెప్పేవి కావు. 3బీబీ నుంచి పుట్టిన పిల్లలూ 4ఏఏ నుంచి పుట్టిన పిల్లలూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఎవరిది ఏ గ్రేడో కనిపెట్టే పరీక్ష ఏదీ లేదు. గ్రేడు తక్కువైతే గర్భం నిలిచే అవకాశం కొంత తగ్గుతుంది, అంతవరకే. నిలిచిన తర్వాత గ్రేడుతో పనే లేదు.

ఇప్పుడు అంకెల సంగతి. ఐదో రోజు ఎంబ్రియోని బ్లాస్టోసిస్ట్ అంటాం. లోపల నీరు చేరి బుడగలా ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో చెప్పేది ముందున్న అంకె, 1 నుంచి 6 వరకు ఉంటుంది. 3 అంటే నీరు లోపలంతా నిండింది, 4 అంటే ఇంకా ఉబ్బి పైపొర పలచబడింది, 5 అంటే పైపొర చీల్చుకుని బయటికి వస్తోంది, 6 అంటే పూర్తిగా వచ్చేసింది. మొదటి అక్షరం లోపలున్న కణాల గుంపుది, బిడ్డ అయ్యేది అదే. రెండో అక్షరం చుట్టూ ఉన్న కణాల వరుసది, కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ అయ్యేది అది. కణాలు బాగా ఎక్కువగా, ఒత్తుగా ఉంటే ఏ, కొంచెం పలచగా ఉంటే బీ, చాలా తక్కువగా ఉంటే సీ. ఈ పద్ధతిని గార్డ్‌నర్, స్కూల్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు 1999లో పెట్టారు, ఇప్పుడు చాలా ల్యాబులు దీన్నే వాడుతున్నాయి. అంటే మీ 3బీబీ లోపలంతా నీరు నిండిన, రెండు రకాల కణాలూ మధ్యస్థంగా ఉన్న ఎంబ్రియో. 3కీ 4కీ మధ్య తేడా కొన్ని గంటలే కావచ్చు, ఉదయం 3 అని రాసినదాన్నే మధ్యాహ్నం చూస్తే 4 అని రాయాల్సి వస్తుంది. ఇంకో మాట, ఒకే ఎంబ్రియోని ఇద్దరు ఎంబ్రియాలజిస్టులకు చూపిస్తే ఒకరు ఏ అంటారు, ఒకరు బీ అంటారు, అది మాలో రోజూ జరిగేదే.

గ్రేడు పెళ్లిచూపులకు ముందు పంపే ఫోటో లాంటిది. రూపం తెలుస్తుంది, గుణం తెలియదు. మైక్రోస్కోపు కింద క్రోమోజోములు (జన్యువులుండే పోగులు) కనపడవు, ఎంత చక్కటి 4ఏఏ లోనైనా లెక్క తప్పి ఉండొచ్చు. మీ 4ఏబీ నిలవకపోవడానికి అదే కారణమని ఇప్పుడు చెప్పలేం గానీ, తరచుగా కనిపించే కారణం మాత్రం అదే. ఉన్నవాటిలో ముందు దేన్ని పెట్టాలి, తర్వాత దేన్ని పెట్టాలి అని వరుస కట్టుకోవడానికే మాకు గ్రేడు కావాలి. 3బీబీ మీ వరుసలో రెండోది, అంతే. ఆరో రోజు 4బీసీని కూడా పారేయమనకండి, అలాంటివాటి నుంచీ పిల్లలు పుడుతున్నారు.

ఇక మీ ఆయన గొడవ. ఫెర్టిలైజ్ అయిన ఎనిమిదిలో మూడు బ్లాస్టోసిస్టులు రావడం చెడ్డ లెక్క కాదు. మంచి ల్యాబులో కూడా సుమారు సగమే అక్కడిదాకా వస్తాయి, కొన్నిసార్లు సగం కూడా రావు. ఎందుకంటే మొదటి రెండు మూడు రోజులు ఎంబ్రియో తల్లి అండంలో దాచి ఉన్న సరుకుతోనే బతుకుతుంది, నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో దాని సొంత జన్యువులు పని మొదలుపెడతాయి. అక్కడే చాలా ఆగిపోతాయి. తండ్రి వైపు నుంచి వచ్చినది బాగా బయటపడేది కూడా ఆ తర్వాతే, కాబట్టి ఇందులో ఆయన వాటా కూడా ఉంది, కొంచెం నెమ్మదిగా చెప్పండి. ల్యాబు తప్పు ఎప్పుడూ ఉండదని నేననను. ఎంబ్రియోలు ఉంచే పెట్టె, అంటే ఇంక్యుబేటర్‌లో వేడి, గ్యాసు కాస్త అటూ ఇటూ అయినా ఎంబ్రియోలు దెబ్బతింటాయి. కానీ అలా జరిగితే సాధారణంగా అందులో ఉన్న మిగతావాళ్లవీ దెబ్బతింటాయి, మీవి మాత్రమే కాదు. అనుమానముంటే రోజువారీ రికార్డు అడగండి: మొదటి రోజు ఎన్నింటిలో రెండు కేంద్రకాలు (ఫెర్టిలైజ్ అయినట్టు గుర్తు) కనిపించాయి, మూడో రోజు ఏది ఎన్ని కణాలు, ఏది ఏ రోజు ఆగింది. ఇవ్వడానికి వెనకాడేవాళ్లయితే నాకు నచ్చదు, ఆ కాగితం మీ హక్కు.

ప్రశ్న: మా తమ్ముడి భార్యకి బరంపురంలో ఐదో రోజు ఎంబ్రియో పెట్టారు. మాకు మూడో రోజే పెట్టేస్తామంటున్నారు. రెండే ఉన్నాయట, ఒకటి 8 కణాలు, ఇంకోటి 6 కణాలు, 20 శాతం ఫ్రాగ్మెంటేషన్ అని రాశారు. ఆ రెండు రోజుల ఖర్చు మిగుల్చుకోవడానికేనా? (ఒక సోదరుడు, గుణుపురం)

జవాబు: కాదు బాబూ, మీ విషయంలో అది తెలివైన పనే. ఐదో రోజు వరకు ఉంచడం వల్ల ఎంబ్రియో బలపడదు, ఆగిపోయేవి అప్పటికి ఆగిపోతాయి గనక మంచిది ఏదో మాకు తెలుస్తుంది. పది ఉంటే ఆ వడపోత పనికొస్తుంది. రెండే ఉన్నప్పుడు వడపోయడానికేముంది? ఐదో రోజుకి రెండూ ఆగిపోతే పెట్టడానికి ఏమీ మిగలదు, గుణుపురం నుంచి అంత దూరం వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావాలి. ల్యాబులో ఆగిపోయేది గర్భసంచిలో బతికేదా అంటే ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ, ప్రయత్నం మాత్రం ఒకటి మిగులుతుంది.

మీ కాగితం సంగతి: మూడో రోజు ఉదయానికి, అంటే వీర్యంతో కలిపిన సుమారు 68 గంటలకి, ఎనిమిది కణాలు ఉండాలని మా లెక్క. మీ మొదటిది సరిగ్గా అక్కడుంది. ఆరు కణాలది కొంచెం నెమ్మది. కణాలు విడిపోయేటప్పుడు ఊడి పడిన ముక్కల్నే ఫ్రాగ్మెంటేషన్ అంటారు, 10 శాతం లోపు అయితే పట్టించుకోం, 25 దాటితే ఆలోచిస్తాం, 20 మధ్యలో ఉంది. ఆ శాతం కూడా కంటితో చూసి వేసిన అంచనాయే. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, ఒక్కో కణంలో ఒకే కేంద్రకం ఉందా అని మాత్రం అడగండి, రిపోర్టులో రాయకపోయినా వాళ్లు చూసే ఉంటారు. 1978లో పుట్టిన ప్రపంచపు మొదటి ఐవీఎఫ్ పాప కోసం తల్లికి పెట్టింది కూడా ఎనిమిది కణాల ఎంబ్రియోయే.

ప్రశ్న: నాకు 39. ఇక్కడ కెమెరా ఉన్న ఇంక్యుబేటర్, ఏఐతో ఎంబ్రియో ఎంపిక, జన్యు పరీక్ష, మూడూ కలిపి ప్యాకేజీ అంటున్నారు. అప్పు చేసి తీసుకోవాలా? మా ఆడపడుచు, జన్యు పరీక్ష అయితే మగో ఆడో కూడా తెలుస్తుంది కదా అంటోంది. (పేరు వద్దన్నారు, బరంపురం)

జవాబు: మీ ఆడపడుచు మాట ముందు. మన దేశంలో పిండం ఆడో మగో చెప్పడం, అడగడం రెండూ నేరం, 1994 చట్టం ఉంది, ఐవీఎఫ్‌కీ వర్తిస్తుంది. ఆ మాట చెబుతామనే చోటికి వెళ్లకండి.

ప్యాకేజీని విడదీసి మాట్లాడండి, మూడూ ఒక్కటి కావు. కెమెరా ఇంక్యుబేటర్ కొద్ది నిమిషాలకోసారి ఫోటో తీస్తుంది, ఎంబ్రియోని బయటికి తీయకుండానే చూడొచ్చు. మాకు పని చేసుకోవడానికి హాయిగా ఉంటుంది, నిజం. కానీ బ్రిటన్, హాంకాంగ్ కేంద్రాల్లో 1,575 మంది మీద చేసిన పరిశీలన 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, మామూలు పద్ధతి కంటే ఎక్కువ మంది పిల్లలు పుట్టలేదు. ఏఐ సంగతీ దాదాపు అంతే. అదే ఏడాది నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశీలనలో కంప్యూటర్ ఎంచిన ఎంబ్రియోలతో 46.5 శాతం, మనుషులు ఎంచినవాటితో 48.2 శాతం గర్భాలు వచ్చాయి. కంప్యూటర్ మనకంటే తక్కువ కాదని కూడా ఆ లెక్కతో తేల్చలేకపోయారు. పని మాత్రం తొందరగా అయింది, అంటే లాభం ల్యాబుకి, బిల్లు మీకు. ఆసుపత్రిలో ఎలాగూ ఉంది, విడిగా డబ్బు అడగం అంటే సంతోషంగా ఒప్పుకోండి. అప్పు చేసి మాత్రం వద్దు.

జన్యు పరీక్ష వేరు. మాయ అయ్యే వైపు నుంచి ఐదారు కణాలు తీసి క్రోమోజోములు లెక్కపెడతారు. అది ఎంబ్రియోని బాగుచేయదు, ఉన్నవాటిలో చెడ్డవాటిని పక్కన పెడుతుంది. చైనాలో 20 నుంచి 37 ఏళ్ల వాళ్ల మీద చేసి 2021లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో పరీక్ష చేయించిన వాళ్లలో 77.2 శాతం, చేయించని వాళ్లలో 81.8 శాతం మందికి బిడ్డ పుట్టింది. కాబట్టి చిన్న వయసు వాళ్లకి ఇది అమ్మజూపడం నాకు కిట్టదు. మీకు 39, నలభై దాటేసరికి సగానికి పైగా ఎంబ్రియోల్లో క్రోమోజోముల లెక్క తప్పుతుంది, అందుకని మీ విషయంలో ఆలోచించవచ్చు. నాలుగైదు బ్లాస్టోసిస్టులు వస్తే పరీక్ష చేయిస్తే అబార్షన్లు, వృథా ట్రాన్స్‌ఫర్లు (ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టడాలు) తగ్గొచ్చు. ఒకటే వస్తే ఆ డబ్బు ఇంకోసారి ఎగ్స్ తీయించుకోవడానికి దాచుకోండి. కొన్నిసార్లు మంచీ చెడూ కణాలు కలిసి ఉన్నాయని రిపోర్టు వస్తుంది, అప్పుడేం చేస్తారో ముందే అడిగి పెట్టుకోండి. ఇవన్నీ ఎన్ని వచ్చాయో చూశాక తీసుకోవాల్సిన నిర్ణయాలు, ముందే ప్యాకేజీ కట్టించుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ అయ్యాక సాలూరు ఘాట్ మీదుగా జయపురం కారులో రావాలి. కుదుపులకి ఎంబ్రియో జారిపోదా?

జవాబు: జారదమ్మా. గర్భసంచి గోడలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఎంబ్రియో మధ్యలో అతుక్కుని ఉంటుంది. మంచం దిగకుండా పడుకున్నా ఫలితం పెరగలేదని పరిశీలనల్లో తేలింది. వాంతులయ్యే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోండి. కడుపు బాగా ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, మూత్రం తగ్గడం ఉంటే మాత్రం ఘాట్ ఎక్కకుండా వెనక్కి, ఆసుపత్రికే వెళ్లండి, అది ఎగ్స్ కోసం వేసిన ఇంజెక్షన్ల వల్ల వచ్చే ఇబ్బంది, నిర్లక్ష్యం చేయకూడదు.

ప్రశ్న: మావి రెండు ఎంబ్రియోలు ఫ్రీజింగ్‌లో ఉన్నాయి. మూడేళ్లయింది. ఇంకా పనికొస్తాయా? (పర్లాకిమిడి)

జవాబు: వస్తాయి. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో ఉన్నంతకాలం వాటి వయసు పెరగదు. 1978లో కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ మన దేశపు మొదటి ఐవీఎఫ్ పాపని గడ్డకట్టించిన ఎంబ్రియోతోనే పుట్టించారు. ఇప్పటి పద్ధతులు అప్పటికంటే ఎంతో నయం, అయినా కరిగించేటప్పుడు అప్పుడప్పుడు ఒకటి పోతుంది. ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం పదేళ్లకు మించి ఉంచకూడదు, అందాకా ఏటా కట్టే ఫీజు రసీదులు జాగ్రత్తగా పెట్టుకోండి. ఫోన్ నంబరు మారితే ల్యాబుకి చెప్పండి.