స్వేడ్ సీటు వేయించుకుంటానన్న మా అమ్మాయికి

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హంటర్ బైకు కొన్నావట. ఎవరినీ రూపాయి అడక్కుండా, నీ జీతంతో, నీ పేరు మీద. నేను ఫోన్ పెట్టేసి మీ పెదనాన్నకు చెప్పాను, అన్నం తింటూ మళ్ళీ చెప్పాను, పడుకోబోయే ముందు ఇంకోసారి చెప్పాను. ఆయన అన్నిసార్లూ కొత్తగా విన్నట్టే విన్నారు. మన ఇళ్ళలో ఆడపిల్ల తన బండి తాను కొనుక్కోవడం ఇదే మొదలు.

ఆ తర్వాత మీ అమ్మ చెప్పిన మాటకి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. కంపెనీ సీటు తీసేసి తేనెరంగు స్వేడ్ సీటు వేయిస్తావట. శ్రావణంలో మీ అమ్మను వెనక కూర్చోబెట్టుకుని అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు తీసుకెళ్తావట. వద్దనడానికి రాయడం లేదు తల్లీ. వెళ్ళండి. కానీ ఆటోనగర్‌లో ఇన్నేళ్ళు మిషను ముందు కూర్చుని సీట్లు కుట్టినదాన్ని, నేను చెప్పేది విన్నాకే ఆ సీటు సంగతి తేల్చుకో.

ముందు గుడ్డ చూసుకో. తోలు స్వేడ్ బండికి పనికిరాదు. అది తోలు లోపలివైపు గీరి నూగు తేల్చినది, ఒక్క వాన తగిలితే బిర్రబిగుసుకుపోతుంది. బండ్లకు వేసేది దాన్ని పోలిన సింథటిక్ గుడ్డ. 1970లో జపాన్‌లో టోరే కంపెనీలో పనిచేసే మియోషి ఒకమోటో అనే ఆయన వెంట్రుక కన్నా ఎంతో సన్నటి పాలిస్టర్ పోగులతో దీన్ని తయారుచేశాడు. ఇటలీలో అల్కాంటరా పేరుతో తయారయ్యేది ఆ జాతిదే. రేసు కార్ల స్టీరింగుకు చుట్టేది కూడా ఇదే, చెయ్యి జారకూడదని. మన బజారులో మాత్రం నూగున్న ప్రతి గుడ్డనూ అల్కాంటరా అనే అమ్ముతారు. పేరు నమ్మకు, ముక్క అడుగు. దాన్ని గట్టిగా మడిచి మడత అంచు చూడు. అక్కడ నూగు విడిపోయి కింద బట్టతల లాంటి పొర కనిపిస్తే అది జిగురు మీద నూగు చల్లిన రెక్సిన్. గోటితో గీరితే పొడి రాలుతుంది. అలాంటిది విశాఖ ఉక్కపోతకి పెచ్చులు లేస్తుంది. మంచి గుడ్డ ఎంత మడిచినా లోపలిదాకా నూగే.

రంగు నీ ఇష్టం అనాలనే ఉంది, కానీ తేనెరంగు వద్దు. నువ్వు రోజూ వేసుకునేది జీన్సు. చెమటకో చినుకులకో తడిస్తే ఆ నీలం సీటుకి దిగుతుంది, దిగితే పోదు. నలుపు మీద దుమ్మంతా బూడిదలా తేలుతుంది. కాఫీ గింజ రంగు గానీ ముదురు బూడిద గానీ వేసుకో.

ఇంక కత్తిరింపు. ఈ గుడ్డకి ఒక దిక్కు ఉంటుంది. అరచేత్తో ఒకవైపు నిమిరితే నునుపుగా, లేతగా అవుతుంది. ఎదురు నిమిరితే నూగు లేచి చెయ్యి ఆగుతుంది, రంగు ముదురుతుంది. ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరిస్తే సీటు మొత్తం ఒకే రంగులో కనిపిస్తుంది. గుడ్డ కలిసొస్తుందని ఒక ముక్కని తిప్పి కోస్తే షాపులో లైటు కింద తెలియదు గానీ, ఎండలోకి తేగానే పక్క ముక్క ఇంకో తానులోది అనిపిస్తుంది. ఆ తేడా ఎంత బ్రష్ చేసినా పోదు. కుట్టేవాళ్ళ ముందు నిలబడి ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు పెట్టించు. ముందు నుంచి వెనక్కి నిమిరితే నునుపుగా పోవాలి, వెనక నుంచి ముందుకి నిమిరితే చెయ్యి ఆగాలి. బ్రేకు వేసినప్పుడు మనిషి జారేది ముందుకే కదా.

కూర్చునే చోట డైమండ్ కుట్లు వద్దు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ సూది దిగిన ప్రతి చోటా నీళ్ళు దిగుతాయి, అడుగున ఉన్న స్పాంజి తాగేస్తుంది. కుట్టు పక్కలకి రానివ్వు. స్పాంజికీ గుడ్డకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ షీటు వేయించు. దారం పాలిస్టర్‌దే ఉండాలి, నూలు దారం చివికిపోతుంది. గుడ్డని సీటు అడుగున బిగించే పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి, లేకపోతే సముద్రపు గాలికి తుప్పు పట్టి గుడ్డ అంచునే తినేస్తాయి.

ఇప్పుడు అసలు మాట. మీ అమ్మ మోచేతి మీద మచ్చ ఉంది చూశావా? చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి అడుగుతుండేదానివి, వంటింట్లో కాలిందని చెప్పేది. కాలింది కాదు.

పెళ్ళైన కొత్తల్లో మీ నాన్నకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. అప్పుడు బండ్లకి వెల్వెట్ సీట్ల మోజు. ఒకరోజు మెరూన్ వెల్వెట్ తెచ్చి “వదినా, ఇది నువ్వే కుట్టాలి” అన్నాడు. కుట్టిచ్చాను. ఎండలో పెడితే దానిమ్మ గింజల్లా మెరిసేది. కొన్ని నెలలకి కూర్చునే చోట నూగు పడుకుని సీటు వెలిసినట్టు అయింది. బ్రష్‌తో రెండుపూటలా దువ్వితే లేచేదే. మీ నాన్నకి ఆ సంగతి తెలియదు, నన్ను అడగనూ లేదు. కార్ల డాష్‌బోర్డుకి రాసే నూనె సీసా ఒకటి కొనుక్కొచ్చి రాత్రికి రాత్రి గుడ్డతో దట్టంగా పట్టించాడు. తెల్లారేసరికి సీటు నిగనిగలాడింది. ఇంటికి తెచ్చి మాకు చూపించాడు కూడా. నేను పొయ్యి దగ్గర ఉండి దూరం నుంచే చూసి బాగుందన్నాను.

ఆ ఉదయమే ఇద్దరూ మంగళగిరి బయల్దేరారు, పానకాలస్వామి దర్శనానికి. మీ అమ్మ పట్టుచీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంది. ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం దగ్గర దిగుతుంటే గేదె అడ్డం వచ్చింది. మీ నాన్న బ్రేకు వేశాడు. స్పీడు కూడా లేదు. మీ అమ్మ ముందుకి జారి, మీ నాన్న వీపుకి కొట్టుకుని, అట్నుంచటే రోడ్డు మీద పడింది. వెనక లారీ ఆగింది కాబట్టి ఈ ఉత్తరం చదవడానికి నువ్వు ఉన్నావు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక చీర మార్చబోతే వెనక భాగమంతా నూనె మరక. అప్పుడు వెళ్ళి సీటు ముట్టుకున్నాను. నూగంతా అట్టకట్టి అద్దంలా ఉంది. వేలు ఆన్చితే వేలే జారింది. చూడ్డానికి కొత్తదానిలా ఉండి, పట్టు మాత్రం పూర్తిగా చచ్చిపోయింది. ఈ గుడ్డకి అందమైనా పట్టైనా ఆ నూగే చిన్నీ. నూనె, పాలిష్, మైనం, సిలికాన్ స్ప్రే, మెరుపు తెస్తామని అమ్మేది ఏదైనా సరే, ముందు నూగుని పడుకోబెడుతుంది. ఆ రోజు మీ నాన్నని నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇప్పటికీ మీ ఇంట్లో బండి సీటుకి పొడిగుడ్డ తప్ప ఏదీ తగలనివ్వడు, గమనించావో లేదో. అంచేత సర్వీసింగుకి ఇచ్చినప్పుడల్లా ‘సీటుకి పాలిష్ వద్దు’ అని నోటితో చెప్పు, ఇంటికొచ్చాక చేత్తో నిమిరి చూడు.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో పొడిగా దులుపు. బురద పడితే తడి మీద తుడవొద్దు, ఎండనిచ్చి దువ్వు. మరీ మాసితే బేబీ షాంపూ నురగ మాత్రం తీసుకుని తెల్లగుడ్డతో అద్ది, మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టు. సగం ఆరాక నూగు లేపుతూ ఒకసారి దువ్వడం మర్చిపోకు, అలాగే వదిలేస్తే గట్టిపడుతుంది. ప్రెషర్ నీళ్ళు కొట్టనివ్వకు. హెల్మెట్‌ని సీటు మీద బోర్లించకు, తలకి రాసిన కొబ్బరినూనె లోపలి స్పాంజి నుంచి గుండ్రంగా దిగుతుంది. దిగితే పౌడరు చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులుపు. రాత్రిళ్ళు పిల్లులు పడుకోకుండా కవరు కప్పు, సీటు తడిగా ఉంటే మాత్రం కప్పకు, బూజు పడుతుంది.

దసరాకి బండి పూజ చేస్తావు కదా, పసుపు కుంకుమలు హ్యాండిల్‌కీ లైటుకీ పెట్టు, సీటుకి పెట్టకు. అమ్మవారు ఏమీ అనుకోదు. పొరపాటున పసుపు పడితే సబ్బు పెట్టకు, ఎర్రబడుతుంది. తడిగుడ్డతో అద్ది కాసేపు ఎండ చూపించు, చాలావరకు పోతుంది.

ఘాట్‌లో తడవకుండా రారు. గెస్ట్‌హౌస్ చేరగానే సీటు విప్పి, నీరు కిందికి దిగేలా నిలబెట్టి ఫ్యాను కింద పెట్టు. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, కూర్చుంటే లోపలి నీరంతా పైకొస్తుంది. మీ అమ్మకి నడుం నొప్పి, తడి సీటు మీద కూర్చోబెట్టావంటే ఊరుకోను.

మీ అమ్మని చీరలో ఎక్కించకు. పంజాబీ డ్రెస్సు వేసుకోనంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. చున్నీ లోపలికి దోపించు, రెండువైపులా కాళ్ళు వేసి కూర్చోమను, హెల్మెట్ పట్టీ నువ్వే బిగించు. స్వేడ్ మీద ఇటూ అటూ జరగడం కష్టం, గుడ్డ బట్టని పట్టేస్తుంది, కాబట్టి దారిలో తరచుగా ఆపి దింపుతూ ఉండు. తనంతట తాను ఆపమని అడగదు, చిన్నప్పట్నుంచీ అంతే, నొప్పైనా చెప్పేది కాదు. వాళ్ళ నాన్న సైకిలు వెనక పాదం చువ్వల్లో పడినా ఇంటిదాకా నోరు మెదపలేదు. నువ్వే చూసుకోవాలి.

ఇంత రాశాక నాకు ఇంకొకటి అనిపిస్తోంది. అక్కడ ఎవరికో ఎందుకు ఇవ్వడం? కంపెనీ సీటుని అలాగే ఉంచి, ఇంకో సీటు బేసూ స్పాంజీ కొని, పాత గుడ్డలు చుట్టి ఆర్టీసీ కార్గోలో విజయవాడ బస్టాండుకి పంపు. మీ పెదనాన్న వెళ్ళి తెస్తారు. ఆయన కళ్ళు సన్నదారానికి ఆనడం లేదు, నావి ఆనుతున్నాయి. గుడ్డ ముక్కలు రెండు మూడు రంగుల్లో పోస్టులో పంపుతాను, మడిచి, గీరి, ఎండలో పెట్టి చూసి ఏది కావాలో చెప్పు. మీ అమ్మ కూర్చునే వైపు స్పాంజి మెత్తగా కావాలా గట్టిగా కావాలా తనని అడిగి రాయి, శ్రావణంలోపు కుట్టి పంపిస్తాను.

మీ పెద్దమ్మ