సైకిల్ తొక్కేటప్పుడు గుండె వేగం 180 దాటుతోంది.. ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 47. ఏడాదిగా సైకిల్ తొక్కుతున్నాను. చదును రోడ్డు మీద గుండె వేగం 140–150 ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం చేతి వాచీలో 180 దాటుతోంది. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే 173 దాటకూడదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. అది వేసుకుంటే కాళ్లు బరువెక్కుతాయి, గుండె వేగం పెరగదు. అందుకే రైడ్ ఉన్న రోజు మానేస్తాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీలో కాస్త మంట వస్తుంది, ఆగితే తగ్గిపోతుంది. గ్యాస్ కదా అని పాంటాప్రజోల్ వేసుకుని బయల్దేరుతున్నాను. మోకాళ్ల నొప్పి రాకుండా ముందుగానే డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటాను. గుండె వేగం ఎంతవరకు పెంచుకోవచ్చు?
– ఒక పాఠకుడు

జవాబు: గుండె వేగం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఛాతీలో మంట గురించి మాట్లాడాలి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. శ్రమ చేసినప్పుడు వచ్చి, ఆగగానే తగ్గే మంటను, పరీక్షల్లో కాదని తేలేవరకు గుండెకు సంబంధించినదిగానే చూడాలి. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడితే, మామూలు నడకకు సరిపోయే రక్తం ఎత్తు ఎక్కేటప్పుడు సరిపోదు. అప్పుడే ఇబ్బంది బయటపడుతుంది. సైకిల్ దిగి నిలబడితే గుండెకు పని తగ్గుతుంది కాబట్టి మంటా తగ్గుతుంది. దీన్నే ఆంజైనా అంటాం. అందరికీ ఇది నొప్పిగానే రాదు. కొందరికి మంట, కొందరికి బిగపట్టినట్టు, ఇంకొందరికి దవడలోనో ఎడమ చేతిలోనో లాగినట్టు ఉంటుంది. కొందరికి ఆయాసం ఒక్కటే ఉంటుంది.

ఇది నిజంగా గ్యాసే కావచ్చు కూడా. ముందుకు వంగి గట్టిగా తొక్కేటప్పుడు పొట్టలోని యాసిడ్ పైకి తన్నడం మామూలే. కానీ ఆ రెండింటిలో ఏదో మీరు ఊహించి తేల్చలేరు. మిమ్మల్ని చూడకుండా నేనూ తేల్చలేను. కాబట్టి ఈ వారంలోనే కార్డియాలజిస్ట్‌ను కలవండి. అప్పటిదాకా సైకిల్ పక్కన పెట్టండి. మంట రానంత నెమ్మదిగా నడిస్తే చాలు. ఈలోగా మంట తక్కువ శ్రమకే రావడం, తరచూ రావడం మొదలైతే అపాయింట్‌మెంట్ రోజు కోసం ఎదురుచూడకుండా అదే రోజు వెళ్లండి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, ఆగిన తర్వాత కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా వెంటనే అంబులెన్స్ పిలవండి. బండి మీరే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లొద్దు.

గుండెపోటుతో వచ్చేవాళ్ల నోట మేం తరచూ వినే మాట, ‘గ్యాస్ అనుకున్నాను డాక్టర్ గారూ’. చాలామందికి అంతకుముందు కొన్ని వారాలుగా ఏదో ఒక సూచన కనబడే ఉంటుంది. మాత్ర వేసుకుంటారు, కాసేపు కూర్చుంటారు, తగ్గుతుంది. తగ్గింది కూర్చున్నందుకు. పేరు మాత్రకు వస్తుంది. మర్నాడు మళ్లీ అదే మాత్ర. ఇలా చికిత్సకు దొరికిన సమయమంతా చేజారిపోతుంది. మీరు కూడా ఇప్పుడు సరిగ్గా అదే చేస్తున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి, ఇంకా సమయం ఉందనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మెటోప్రొలాల్. ఇది ఒక రోజు వేసుకుని ఒక రోజు మానేసే మాత్ర కాదు. గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ అనే హార్మోన్ గుండె మీద పనిచేయకుండా ఇది అడ్డుకుంటుంది. కొంతకాలం వాడాక గుండె అడ్రినలిన్‌కు ఇంకా ఎక్కువ స్పందించేలా మారుతుంది. అలాంటప్పుడు మాత్ర హఠాత్తుగా మానేస్తే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా ఎగబాకుతాయి. రక్తనాళాల్లో అప్పటికే అడ్డంకి ఉన్నవాళ్లకు ఇది ఆంజైనాకు, గుండెపోటుకు కూడా దారితీయొచ్చు. మీరేమో మాత్ర మానేసిన రోజునే ఎత్తు ఎక్కుతున్నారు. వాచీలో 180 కనబడటానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

మాత్ర వేసుకుంటే కాళ్లు బరువెక్కుతున్నాయన్న మీ ఇబ్బంది నిజమే. ఈ రకం మందులు వాడే వాళ్లలో చాలామంది ఈ మాటే అంటారు. దానికి దారి ఉంది. గుండె వేగాన్ని అంతగా తగ్గించని బీపీ మందులు, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ వంటివి ఉన్నాయి. అయితే మీ డాక్టర్ మెటోప్రొలాల్‌ను బీపీ ఒక్కదానికే ఇచ్చారా, గుండె లయ తప్పడం వంటి మరో కారణం ఉందా అన్నది నాకు తెలియదు. అందుకే నేను ఇక్కడి నుంచి మార్చమని చెప్పను. ‘సైకిల్ తొక్కుతాను, ఈ మాత్రతో కష్టంగా ఉంది’ అని ఆయనతోనే చెప్పండి. మార్చాల్సి వస్తే ఎలా మార్చాలో ఆయనే చెబుతారు. అప్పటిదాకా రాసిచ్చినట్టే రోజూ వేసుకోండి.

డైక్లోఫెనాక్ కూడా ఆపండి. బీపీ ఉన్నవాళ్లకు, గుండె జబ్బు అనుమానం ఉన్నవాళ్లకు నొప్పి మాత్రల్లో ఇది మంచి ఎంపిక కాదు. ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది, చెమటతో నీరు తగ్గిన సమయంలో కిడ్నీల మీద భారం వేస్తుంది. పైగా దీనివల్ల పొట్టలో మంట రావచ్చు, ఆ మంటకు మళ్లీ మీరు గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. మోకాలి ముందు భాగంలో నొప్పి అయితే సైకిల్ సీటు బాగా కిందకు ఉందేమో చూసుకోండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. బాగా వంగుతుంటే సీటు పైకి జరపాలి. చాలామందికి దీంతోనే నొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. 220 లోంచి వయసు తీసేయడం అనేది జనంలో సగటుకు వేసిన లెక్క. ఒక్కో మనిషికి అది 10, 12 అటూ ఇటూ అవుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ తేడా రావచ్చు. 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేసే మరో లెక్క ప్రకారం మీకు 175 వస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న 47 ఏళ్ల మనిషికి 182 కనబడినంత మాత్రాన అది ప్రమాదమని చెప్పలేం. గుండె బాగుంటే గట్టిగా తొక్కినప్పుడు దాని వేగం పెరగడం వల్ల దానంతటది చెడిపోదు. ముందు కాళ్లే అలిసిపోతాయి. ప్రమాదమంతా బయటపడకుండా ఉన్న జబ్బుతోనే. 35 దాటినవాళ్లలో వ్యాయామం చేస్తూ కుప్పకూలే సంఘటనలకు ఎక్కువగా కారణం గుండె రక్తనాళాల్లో అడ్డంకులే. అంతకన్నా చిన్నవాళ్లలో పుట్టుకతో, వంశపారంపర్యంగా వచ్చే గుండె సమస్యలను ముందుగా అనుమానిస్తాం.

వాచీ అంకెను పూర్తిగా నమ్మకండి. అది చర్మం కింద రక్తప్రవాహాన్ని వెలుతురుతో చూసి లెక్క కడుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు, మణికట్టు వంచినప్పుడు, రోడ్డు గతుకులకు లెక్క తప్పుతుంది. ఛాతీకి కట్టుకునే బెల్ట్ దానికన్నా నమ్మదగింది. అయితే ఒకటి గమనించండి. చదును రోడ్డు మీద, పెద్దగా శ్రమ లేకుండానే 140 నుంచి ఒక్కసారిగా 190కి ఎగిరి, గుండె దడదడలాడి, అంతే హఠాత్తుగా తగ్గిపోతే అది లయకు సంబంధించిన సమస్య కావచ్చు. అది వాచీ తప్పని మీకు మీరే కొట్టిపారేయకండి.

పరీక్షల్లో ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), షుగర్, కొలెస్ట్రాల్‌తోపాటు టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) గానీ, అవసరమైతే గుండె రక్తనాళాల సీటీ గానీ రాయవచ్చు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందంటే రక్తనాళాలు బాగున్నాయని అర్థం కాదు. హెల్త్ చెకప్‌లో నార్మల్ వచ్చిందని చాలామంది అక్కడే ఆగిపోతారు. టీఎంటీకి వెళ్లేముందు మెటోప్రొలాల్ వేసుకోవాలా వద్దా అన్నది కూడా డాక్టర్‌నే అడగండి, అక్కడా సొంత నిర్ణయం వద్దు.

అన్నీ బాగుంటే మళ్లీ నిక్షేపంగా తొక్కవచ్చు. ఎక్కువ రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో, వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే గట్టిగా తొక్కండి. ఎత్తు ఎక్కగానే దిగి నిలబడకుండా పది నిమిషాలు తేలిగ్గా పెడల్ తిప్పండి. హఠాత్తుగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన వెంటనే గట్టిగా తొక్కవద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా వాపు తెస్తాయి.

మీ నాన్నగారికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, అమ్మగారికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చిందా, మీకు షుగర్ ఉందా, సిగరెట్ అలవాటు ఉందా అన్నవి మీరు రాయలేదు. డాక్టర్‌కు అవి తప్పక చెప్పండి. మీరు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, చీటీ లేకుండా కొన్నవి కూడా, వెంట తీసుకెళ్లండి. మంట వచ్చిన రోజు వాచీ రికార్డు ఫోన్‌లో ఉంటే అదీ చూపించండి.